నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు వేరైనా ఒక కంటైనర్ సంగతి మరొకదానికి ఎలా తెలుస్తోంది?

పెన్నా_ఒడ్డు
నెల్లూరులో మాది చిన్న కార్యాలయం. తీరం వెంబడి ఉన్న రొయ్యల హేచరీలకు, గుంటల రైతులకు సెన్సార్లు అమర్చి, నీటిలో కరిగిన ఆక్సిజన్, ఉప్పదనం, ఏరియేటర్ల కరెంటు వాడకం వంటి వివరాలను ఒకే సర్వర్ మీద నిలవ చేస్తున్నాము. ఒక్కొక్క ఖాతాదారుకు ఒక్కొక్క కంటైనర్ (ఒకే కెర్నల్ మీద మిగతావాటికి వేరుగా నడిచే ప్రోగ్రామ్‌ల పెట్టె), దానికి విడిగా నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (తనదైన ఇంటర్‌ఫేస్‌లు, దారులు ఉండే వేరు నెట్‌వర్క్ గది) ఇచ్చాము, యూజర్ నేమ్‌స్పేస్ మాత్రం విడిగా ఇవ్వలేదు. ఖాతాదారుల సాంకేతిక సిబ్బందిలో కొందరికి తమ కంటైనర్ లోపల రూట్ (నిర్వాహక) అధికారం, హోస్ట్ (కంటైనర్లను నడిపే అసలు యంత్రం) మీద మామూలు లాగిన్ ఉన్నాయి.

మా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి అటువంటి కంటైనర్ ఒకదానిలో రూట్‌గా ప్రవేశించి, లోపల ఎన్ఎఫ్_కాన్‌ట్రాక్_మ్యాక్స్ (కెర్నల్ ఒకేసారి గుర్తుంచుకునే కనెక్షన్ల గరిష్ఠ సంఖ్య) విలువను 262144 నుంచి 5000కు తగ్గించాడు. హోస్ట్ మీద చూస్తే అక్కడా 5000 కనిపించింది. మిగతా కంటైనర్లన్నింటిలోనూ అదే విలువ. హోస్ట్ మీద రూట్ అధికారం లేని మనిషి తన గదిలో కూర్చుని ఊరందరి విలువను మార్చగలిగితే ఇక వేరు చేయడం అన్న మాటకు అర్థమేమిటి?

ఈ సర్వర్‌ను అమర్చిన కాంట్రాక్టరు నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ కోసం 2021లో 5.12 కెర్నల్‌ను విడిగా కంపైల్ చేసి పెట్టి వెళ్లారు. ఆ తరవాత దాన్ని ఎవరూ కదిలించలేదు. ఇది మా అమరికలో లోపమా, కెర్నల్‌లోనే ఉన్న లోపమా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

కందుకూరు_కెర్నల్
కెర్నల్‌లోని లోపమే, బయటపడిన భద్రతా లోపాలకు ఇచ్చే సీవీఈ సంఖ్యల్లో దానిది సీవీఈ-2021-38209. 5.12.2లో సరిచేశారు. మీది దానికి ముందున్నది కాబట్టి కెర్నల్ మార్చండి, సమస్య తీరిపోతుంది. అయితే దీన్ని సమాచారం కారడం అనడం నాకు సరిగా అనిపించదు. ఒకరు రాసిన విలువ అందరికీ వర్తించింది, అంతే. ఎవరి రహస్యమూ బయటపడలేదు కదా.

గుండ్లకమ్మ
కందుకూరు గారు చెప్పిన సంఖ్య సరైనదే. కానీ "అంతే" అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. ఒంగోలు దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెబుతాను కాబట్టి కొంచెం మొదటి నుంచి రాస్తున్నాను.

లినక్స్‌లో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఒక్కసారిగా కట్టిన గోడ కాదు. 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నల్‌తో ఆ పని మొదలై, ఆ తరవాతి విడుదలల్లో కొంచెం కొంచెంగా సాగింది. అంతకుముందు నెట్‌వర్క్ కోడ్ అంతా యంత్రానికి ఒకటే అన్న ఊహతో రాసింది. ఇంటర్‌ఫేస్‌ల జాబితా, రూటింగ్ పట్టిక, పోర్టులు, ఐపీటేబుల్స్ నియమాలు, ఇలా ఒక్కొక్క గ్లోబల్ వేరియబుల్‌ను తీసి, ప్రతి నేమ్‌స్పేస్‌కూ ఒకటిగా ఉండే "స్ట్రక్ట్ నెట్" అనే నిర్మాణంలోకి చేర్చుకుంటూ వచ్చారు. ఎవరూ చేర్చనివి ఉమ్మడిగానే మిగిలిపోయాయి.

కనెక్షన్ ట్రాకింగ్‌లో ఎన్ని కనెక్షన్లు నడుస్తున్నాయన్న లెక్క నేమ్‌స్పేస్‌కు విడిగానే ఉంది. గరిష్ఠ పరిమితి, ఎక్స్‌పెక్టేషన్ల (రాబోతున్నాయని ముందే ఊహించిన అనుబంధ కనెక్షన్ల) పరిమితి, కనెక్షన్లను నిలవ చేసే హ్యాష్ పట్టికలోని గడుల సంఖ్య మాత్రం మీ 5.12లో కెర్నల్ మొత్తానికి ఒక్కొక్కటే. కొత్త నేమ్‌స్పేస్ పుట్టినప్పుడు సిస్‌సీటీఎల్ (నడుస్తున్న కెర్నల్ విలువలను చదివే, మార్చే ఫైళ్లు) పట్టికకు నకలు తీస్తారు. ఆ నకలులో ఈ మూడింటి పాయింటర్లు మాత్రం పాత చోటునే, అంటే అందరికీ ఉమ్మడిగా ఉన్న వేరియబుల్‌నే చూపిస్తాయి. అందుకే మీ అబ్బాయి తన నకలులో రాశాననుకున్నది మూలంలో రాసినట్టయింది. సవరణలో చేసినదల్లా, మొదటి నేమ్‌స్పేస్ తప్ప మిగతా చోట్ల ఆ మూడింటినీ చదవడానికే పరిమితం చేయడం. అదే సమయంలో టీసీపీ_అలవ్డ్_కంజెషన్_కంట్రోల్ అనే మరో సిస్‌సీటీఎల్‌లోనూ ఇదే లోపం బయటపడితే దానికీ ఇదే మందు వేశారు. 5.13 నుంచి కెర్నల్‌లో ఒక తనిఖీ కూడా ఉంది: మొదటిది కాని నేమ్‌స్పేస్‌లో నమోదయ్యే సిస్‌సీటీఎల్ పాయింటర్ ఉమ్మడి డేటాను చూపిస్తూ, రాయడానికి కూడా అనుమతిస్తుంటే, హెచ్చరిక రాసి ఆ రాసే అనుమతిని తీసేస్తుంది.

ఇక ఇది సమాచారం కారడం అవునా కాదా అన్న ప్రశ్న. ఒకదానితో ఒకటి మాట్లాడకూడదని మనం నిర్ణయించిన రెండు కంటైనర్లలో ఒకటి ఆ విలువను మారుస్తూ, మరొకటి దాన్ని చదువుతూ కూర్చుంటే వాటి మధ్య ఒక దారి ఏర్పడినట్టే. ఫైర్‌వాల్‌కు ఆ దారి కనిపించదు, ఏ ప్యాకెట్ లాగ్‌లోనూ అది నమోదు కాదు. నా దృష్టిలో అది కారడమే.

మైపాడు_అల
గుండ్లకమ్మ గారూ, సవరణ తరవాత రాయడం ఆగిపోయింది, బాగుంది. చదవడం ఆగలేదు కదా? హోస్ట్ మీద నిర్వాహకుడు ఆ విలువను మార్చిన ప్రతిసారీ లోపలివారికి తెలుస్తూనే ఉంటుందా?

గుండ్లకమ్మ
తెలుస్తుంది. నిర్వాహకుడు ముట్టుకోకపోయినా ఆ విలువకు అర్థం ఉంటుంది, ఎందుకంటే హ్యాష్ పట్టిక పరిమాణాన్ని కెర్నల్ యంత్రంలోని మెమరీని బట్టి నిర్ణయించుకుంటుంది. ఒక్కటే చూస్తే అది పెద్ద రహస్యం కాదు. అటువంటివి పది పోగైతే తాను ఏ యంత్రం మీద ఉన్నాడో, తన పక్కన ఎవరున్నారో లోపలివాడు పోల్చుకోగలుగుతాడు.

మైపాడు_అల
నేను మా ల్యాబ్ యంత్రం మీద ఇంకొకటి గమనించాను. ఒక కంటైనర్ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లోకి మాత్రమే ఎన్ఎస్‌ఎంటర్ అనే ఆదేశంతో ప్రవేశించి, ముందు ఐపీ లింక్ ఆదేశం ఇచ్చాను. లూప్‌బ్యాక్ ఒకటి, ఈటీహెచ్0 ఒకటి, రెండే వరుసలు వచ్చాయి. అదే టెర్మినల్‌లో, అదే షెల్ నుంచి /సిస్/క్లాస్/నెట్ డైరెక్టరీని చూస్తే డాకర్ వంతెన డాకర్0, పక్క కంటైనర్లను హోస్ట్‌తో కలిపే వీఈటీహెచ్ (ఊహా తీగ) జతల చివరలు, మా విభాగం వైర్‌గార్డ్ సొరంగం, అన్నీ పేర్లతో సహా కనిపించాయి. ఒకే ప్రశ్నకు రెండు ఆదేశాలు రెండు జవాబులు చెబితే దేన్ని నమ్మాలి?

కందుకూరు_కెర్నల్
అది లోపం కాదు, అలా ఉండాలనే ఉంది. ఐపీ లింక్ ఆదేశం నెట్‌లింక్ సాకెట్ ద్వారా ప్రస్తుత నేమ్‌స్పేస్‌ను అడుగుతుంది. /సిస్ కింద కనిపించే సిస్‌ఎఫ్‌ఎస్ మాత్రం తనను మౌంట్ చేసిన వేళ ఏ నేమ్‌స్పేస్ ఉందో దానినే చూపిస్తుంది. మీరు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ మార్చారు గానీ మౌంట్లు హోస్ట్‌వే మిగిలాయి. ఐపీ నెట్‌ఎన్ఎస్ ఎగ్జెక్ వాడి చూడండి, అది /సిస్‌ను కొత్తగా మౌంట్ చేసి ఇస్తుంది.

ఉదయగిరి_దుర్గం
కందుకూరు గారి వివరణలో తప్పు లేదు. కానీ "లోపం కాదు" అన్న తీర్పు వాడేవారికి ఏ విధంగానూ ఉపయోగపడదు. కారిన సమాచారం తిరిగి రాదు, అది లోపం వల్ల కారిందా, ఉద్దేశపూర్వకంగా అలా రాసి ఉండటం వల్ల కారిందా అన్నది తరవాతి మాట.

పైగా, అన్నీ ఉద్దేశపూర్వకమైనవీ కావు. 2017లో డీఎస్ఎన్ సదస్సులో వచ్చిన కంటైనర్‌లీక్స్ పరిశోధన పత్రంలో, సరిగ్గా కట్టిన కంటైనర్ లోపల కూడా /ప్రాక్, /సిస్ కింద హోస్ట్ సంగతులు చెప్పేసే ఫైళ్లను వెతికి చూపించారు. వాటిలో నెట్_ప్రయో.ఐఎఫ్‌ప్రయోమ్యాప్ అనే సీగ్రూప్ (ప్రక్రియలకు వనరులు పంచే కెర్నల్ ఏర్పాటు) ఫైలు మన చర్చకు సరిగ్గా సరిపోతుంది. ఆ ఫైలును చదివేటప్పుడు నడిచే కోడ్, అడిగినవాడి నేమ్‌స్పేస్‌లోని పరికరాలను కాకుండా, ఎప్పుడూ మొదటి నేమ్‌స్పేస్‌లోని పరికరాల జాబితానే తిరగేస్తుంది. కాబట్టి మైపాడు గారు ఎన్ఎస్‌ఎంటర్‌తో చూసిన పేర్లన్నీ మామూలు కంటైనర్ లోపలి నుంచే కనిపించేవి. హోస్ట్ మీద ఎన్ని వీఈటీహెచ్‌లు ఉన్నాయో తెలిస్తే ఎంతమంది పొరుగువారు ఉన్నారో తెలిసినట్టే.

పొదిలి_పొగాకు
నాది ఇంకొక రకం అనుభవం. ఒక పనికి సంబంధించిన రాకపోకలన్నీ వీపీఎన్ ద్వారానే పోవాలని విడి నేమ్‌స్పేస్ కట్టి, అందులో సొరంగం ఇంటర్‌ఫేస్ ఒక్కటే ఉంచాను. /ఈటీసీ/నెట్‌ఎన్ఎస్ కింద ఆ నేమ్‌స్పేస్‌కు ప్రత్యేకంగా రిజాల్వ్.కాన్ఫ్ (ఏ డీఎన్ఎస్ సర్వర్‌ను అడగాలో చెప్పేది) ఫైలు కూడా రాశాను. వెబ్ రాకపోకలు సొరంగంలోనే పోతున్నాయి. కానీ హోస్ట్ ఇంటర్‌ఫేస్ మీద ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెట్టి చూస్తే, లోపలి ప్రోగ్రామ్ అడిగిన పేర్లన్నీ డీఎన్ఎస్ ప్రశ్నలుగా మా మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద బయటికి పోతున్నాయి. లోపల బయటికి దారే లేనప్పుడు ఆ ప్రశ్న బయటికి ఎలా వెళ్లింది?

మైపాడు_అల
మీ పేరుకు తగ్గట్టే ఎక్కడో సందు దొరికించుకుని పొగ బయటికి వచ్చింది పొదిలి గారూ. హోస్ట్ మీద ఎన్ఎస్‌సీడీ (పేర్లకు జవాబులు వెతికి దాచిపెట్టే సేవ) నడుస్తోందా?

పొదిలి_పొగాకు
నడుస్తోంది.

గుండ్లకమ్మ
మైపాడు గారు సరిగ్గా పట్టుకున్నారు. ప్రోగ్రామ్ ఒక పేరును అడిగినప్పుడు జీలిబ్‌సీ నేరుగా డీఎన్ఎస్ ప్రశ్న పంపదు, ముందుగా /వార్/రన్/ఎన్ఎస్‌సీడీ/సాకెట్ ఉందేమో చూస్తుంది. ఉంటే పనిని దానికి అప్పగిస్తుంది. ఎన్ఎస్‌సీడీ హోస్ట్ నేమ్‌స్పేస్‌లో పుట్టిన ప్రక్రియ కాబట్టి ప్రశ్నను హోస్ట్ దారిలోనే పంపుతుంది. మీరు ప్రత్యేకంగా రాసిన రిజాల్వ్.కాన్ఫ్‌ను అది చూడనే చూడదు. సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీతో ఎన్ఎస్ఎస్ మాడ్యూల్ వాడేవారికీ ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఆ మాడ్యూల్ కూడా /రన్ కింద ఉన్న సాకెట్ ద్వారానే మాట్లాడుతుంది.

ఇక్కడ యూనిక్స్ సాకెట్లలోని రెండు రకాలకు ఉన్న తేడాను తప్పక గుర్తుపెట్టుకోవాలి. ఫైల్ సిస్టమ్‌లో దారి ఉన్న సాకెట్‌ను చేరడానికి ఆ ఫైలు కనబడి, అనుమతి ఉంటే చాలు, నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ దానికి అడ్డు రాదు. ఫైలు లేకుండా పేరుతో మాత్రమే ఉండే అబ్‌స్ట్రాక్ట్ సాకెట్ అందుకు పూర్తిగా వ్యతిరేకం: అది నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కే చెందుతుంది, మౌంట్లతో దానికి సంబంధం లేదు. మొదటి రకం వల్ల పొదిలి గారి డీఎన్ఎస్ కారింది. రెండో రకం వల్ల 2020 చివరిలో కంటైనర్‌డీకి పెద్ద చిక్కు వచ్చింది, దాని సంఖ్య సీవీఈ-2020-15257. కంటైనర్‌డీ షిమ్ తన ఆదేశాల కోసం అబ్‌స్ట్రాక్ట్ సాకెట్ తెరిచేది. హోస్ట్ నెట్‌వర్క్‌నే వాడుకోమని వదిలేసిన కంటైనర్‌లో రూట్‌గా నడిచే ప్రక్రియకు ఆ సాకెట్ అందుబాటులోకి వచ్చేది, అంటే నెట్‌వర్క్ ఒక్కటే కదా పంచుకున్నాం అనుకున్నవారు యంత్రం మొత్తాన్ని పంచుకున్నట్టయింది. 1.3.9, 1.4.3 విడుదలల్లో సవరించారు.

పొదిలి గారూ, ఆ నేమ్‌స్పేస్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు మౌంట్ నేమ్‌స్పేస్ కూడా విడిగా ఇచ్చి, ఎన్ఎస్‌సీడీ డైరెక్టరీ మీద ఖాళీ టీఎంపీఎఫ్‌ఎస్ కప్పండి.

పొదిలి_పొగాకు
కప్పాను. టీసీపీడంప్‌లో ఇప్పుడు పేర్లు కనిపించడం లేదు. ప్రశ్నలు సొరంగంలోనే పోతున్నాయి.

చీమకుర్తి_నల్లరాయి
మా గ్రానైట్ యూనిట్ కార్యాలయంలో జరిగినది కూడా ఈ వరుసలోనే చెప్పాలి. బిల్లింగ్ డేటాబేస్‌ను డాకర్‌లో పెట్టి, పోర్టును 127.0.0.1కు మాత్రమే ప్రచురించాము. ఆ యంత్రం బయటివారెవరూ దాన్ని చేరలేరని మా నమ్మకం. తనిఖీకి వచ్చిన ఒక మిత్రుడు అదే స్విచ్‌కు తన ల్యాప్‌టాప్ తగిలించి, ఒక రూట్ (ప్యాకెట్ల దారి) రాసుకుని, నేరుగా డేటాబేస్ లాగిన్ వరకూ వచ్చేశాడు. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో అన్ని పోర్టులూ మూసే ఉన్నాయి.

తరవాత చదివితే తెలిసింది: డాకర్ 28కి ముందున్న విడుదలల్లో లోకల్‌హోస్ట్‌కు ప్రచురించిన పోర్టును అదే ఎల్2 (ఒకే స్విచ్ పరిధిలోని) నెట్‌వర్క్ మీద ఉన్న మరో యంత్రం చేరగలదని వారి పత్రాల్లోనే రాసి ఉంది. 2025లో వచ్చిన 28వ విడుదలతో ఆ దారి మూశారు. యూఎఫ్‌డబ్ల్యూ నియమాలు యంత్రానికే వచ్చే ప్యాకెట్ల మీద పని చేస్తాయి. డాకర్ ప్రచురించిన పోర్టులకు వచ్చే ప్యాకెట్ల గమ్యం ముందే మారిపోయి అవి కంటైనర్ వైపు మళ్లుతాయి కాబట్టి ఆ నియమాల దాకా రావు. మన నియమాలను డాకర్-యూజర్ చైన్‌లో రాయాలి.

కందుకూరు_కెర్నల్
ఇది ఫైర్‌వాల్ అమరిక సంగతి. నేమ్‌స్పేస్ తన పని తాను చేసింది. అన్నింటినీ ఒకే గంపలో వేస్తే అసలు ప్రశ్నకు జవాబు దొరకదు.

చీమకుర్తి_నల్లరాయి
కందుకూరు గారూ, నేమ్‌స్పేస్ ఒక్కటే ఎవరూ వాడరు. దాన్ని బయటి ప్రపంచంతో కలిపే వంతెన, నాట్ నియమాలు, ఒకటి రెండు సిస్‌సీటీఎల్‌లు కలిస్తేనే అది పనికి వస్తుంది, అవన్నీ కలిసి ఇచ్చే హామీనే మేము నమ్ముతాము. కుబర్నెటీస్‌లో 2020లో వచ్చిన సీవీఈ-2020-8558 చూడండి. క్యూబ్-ప్రాక్సీ తన సౌకర్యం కోసం రూట్_లోకల్‌నెట్ అనే విలువను 1 చేసింది. దానితో, 127.0.0.1 మీద మాత్రమే వింటున్న సేవలను పక్క యంత్రాలు చేరగలిగాయి. లూప్‌బ్యాక్ బయటికి కనబడదని నమ్మి పాస్‌వర్డ్ కూడా పెట్టకుండా వదిలేసిన సేవలు ఎన్ని ఉంటాయో మీకు నాకంటే బాగా తెలుసు.

పెన్నా_ఒడ్డు
అందరూ ఇంత ఓపికగా రాస్తున్నందుకు కృతజ్ఞతలు. నా భయం ఏమిటో మొదటి టపాలో పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

మా సర్వర్ మీద రైతులే కాదు, రొయ్యలు కొనే ఏజెంట్లూ ఖాతాదారులుగా ఉన్నారు. పట్టుబడి దగ్గర పడుతున్నకొద్దీ రైతు ఆక్సిజన్ అంకెలను పదే పదే చూస్తాడు, తెల్లవారుజామున మరీ ఎక్కువగా చూస్తాడు, ఏరియేటర్లు వేసే సమయాలు మారుతాయి, ఆ కంటైనర్ వైపు కనెక్షన్లు పెరుగుతాయి. పట్టుబడి ఏ వారంలో ఉందో కొనేవాడికి ముందే తెలిస్తే, రైతు ఇక ఆగలేడని కూడా తెలిసినట్టే. అప్పుడు కౌంట్‌కు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ఎంత ఇవ్వాలన్నది కొనేవాడే నిర్ణయిస్తాడు. అంకెలు ఏవీ బయటపడకపోయినా రాకపోకల హడావుడి బయటపడితే చాలు, రైతు నష్టపోతాడు. 5.12 కెర్నల్ మీద లాగిన్ ఉన్న ఏజెంటు మనిషికి అది తెలిసే అవకాశం ఉందా?

గుండ్లకమ్మ
మీరు మొదట చెప్పిన లోపంతోనే అది సాధ్యం. కందుకూరు గారు "ఎవరి రహస్యమూ బయటపడలేదు" అన్నారు కాబట్టి ఈ దారిని వివరంగా చెప్పడం అవసరం.

కనెక్షన్ల లెక్క నేమ్‌స్పేస్‌కు విడిగా, గరిష్ఠ పరిమితి అందరికీ ఉమ్మడిగా ఉందని ముందే రాశాను. ఏజెంటు మనిషి తన కంటైనర్‌లో రూట్‌గా ఆ పరిమితిని మెల్లగా తగ్గించుకుంటూ పోయాడనుకోండి. ఏదో ఒక నేమ్‌స్పేస్‌లో నడుస్తున్న కనెక్షన్లు ఆ పరిమితిని దాటి ఉండి, కొత్త కనెక్షన్ వచ్చి, పాతవాటిలో తీసేయదగినది దొరకకపోతే, కెర్నల్ ఆ ప్యాకెట్‌ను వదిలేసి "పట్టిక నిండిపోయింది, ప్యాకెట్ వదిలేస్తున్నాను" అన్న సందేశాన్ని లాగ్‌లో రాస్తుంది. ఆ లాగ్, అంటే డీమెసేజ్, నేమ్‌స్పేస్‌ల వారీగా విడిపోయినది కాదు, యంత్రమంతటికీ ఒక్కటే. సొంతంగా కంపైల్ చేసిన కెర్నల్ కాబట్టి డీమెసేజ్_రెస్ట్రిక్ట్ 0గా ఉండే అవకాశమే ఎక్కువ, అప్పుడు మామూలు లాగిన్‌తోనే దాన్ని చదవవచ్చు. ఏ అంకె దగ్గర సందేశం వచ్చిందో చూస్తే అన్నింటికంటే రద్దీగా ఉన్న కంటైనర్‌లో సుమారు ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో తెలిసిపోతుంది. అది ఎవరి కంటైనరో సందేశంలో ఉండదు. కానీ రోజూ అదే వేళకు చూసేవాడికి ఊహించడం కష్టం కాదు. పైగా ఈ కొలత జరిగేటప్పుడు రైతు సెన్సార్ల కొత్త కనెక్షన్లు నిజంగానే ఆగిపోతాయి.

మీరు ఈ రోజే డీమెసేజ్_రెస్ట్రిక్ట్‌ను 1 చేయండి, కెర్నల్ మార్చేదాకా కంటైనర్లలో /ప్రాక్/సిస్‌ను చదవడానికి మాత్రమే వీలుగా మౌంట్ చేయండి. 

పెన్నా_ఒడ్డు
రెండూ చేశాను. డీమెసేజ్_రెస్ట్రిక్ట్ మీరన్నట్టు 0గానే ఉంది. 

కందుకూరు_కెర్నల్
గుండ్లకమ్మ గారు చూపిన దారిని ఒప్పుకుంటున్నాను. పరిమితినీ లాగ్‌నూ కలిపి చూస్తే అది సమాచారం కారడమే అవుతుంది.

ఉదయగిరి_దుర్గం
పరిమితుల మాట వచ్చింది కాబట్టి, ఈ విషయంలో నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించేది చెబుతాను. ఉమ్మడి వేరియబుల్‌ను చదివే దారి మూసినంత మాత్రాన సరిపోదు. ఆ ఉమ్మడి పరిమితి ఖర్చవుతున్న తీరే కబురు చెబుతుంది. ఒకే బోరు నుంచి రెండు గుంటలకు నీళ్లు పెట్టినప్పుడు పక్క గుంట తూము ఎత్తారో లేదో మన గొట్టంలోని ధారను చూసి చెప్పినట్టే ఇదీ.

టీసీపీలో అనుమానాస్పదమైన ప్యాకెట్ వస్తే ఛాలెంజ్ ఏక్ అనే జవాబు పంపే పద్ధతి 2012లో 3.6 కెర్నల్‌తో వచ్చింది. సెకనుకు 100కు మించి పంపకూడదని యంత్రమంతటికీ ఒకే పరిమితి పెట్టారు. రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని 2016లో తిప్పి వాడి చూపించారు. దాడి చేసేవాడు మరొకరి చిరునామాతో నకిలీ ప్యాకెట్ పంపుతాడు. ఆ ఇద్దరి మధ్య నిజంగా కనెక్షన్ ఉంటే సర్వర్ 100లో ఒకటి అక్కడ ఖర్చు చేస్తుంది. అదే సెకనులో వాడు తన సొంత కనెక్షన్ మీద 100 జవాబులు రాబట్టడానికి ప్రయత్నిస్తే 99 మాత్రమే వస్తాయి. ఆ ఒక్కటి తగ్గడమే జవాబు. అలా మొదలుపెట్టి సీక్వెన్స్ సంఖ్యల దాకా ఊహించారు. ఇది సీవీఈ-2016-5696. 4.7లో పరిమితిని పెంచి, దానికి యాదృచ్ఛికతను జోడించారు.

2020లో ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలను తెలిపే సందేశాలు) జవాబుల మీద ఉన్న ఉమ్మడి పరిమితితో ఇదే కథ మళ్లీ జరిగింది. డీఎన్ఎస్ రిజాల్వర్ ఏ పోర్టు నుంచి ప్రశ్న పంపిందో దాని ద్వారా కనిపెట్టి, తప్పుడు జవాబును చొప్పించవచ్చని చూపారు. దానికి శాడ్ డీఎన్ఎస్ అని పేరు పెట్టారు, సంఖ్య సీవీఈ-2020-25705. 5.10లో అక్కడా యాదృచ్ఛికతను జోడించారు. పెన్నా గారి 5.12లో ఈ రెండు సవరణలూ ఉన్నాయి కాబట్టి ఆ దాడులు యథాతథంగా నడవవు.

అయితే యాదృచ్ఛికత జోడించడం కొలతను కష్టం చేస్తుందే గాని, ఉమ్మడితనాన్ని తీసేయదు. ఛాలెంజ్ ఏక్ పరిమితిని నేమ్‌స్పేస్‌కు విడిగా చేసి, మామూలుగా అది లేకుండానే ఉంచినది 6.1లో. ఐసీఎంపీ పరిమితిని నేమ్‌స్పేస్‌కు విడదీసినది 6.12లో. అంటే దాడి తెలిసిన తరవాత కూడా అసలు విభజన జరగడానికి ఏళ్లు పట్టింది.

మైపాడు_అల
ఉదయగిరి గారి టపాకు నాదొక చేర్పు. నేమ్‌స్పేస్ ఉనికే సమాచారంగా కారిన సందర్భం కూడా ఉంది. 2019లో అమిత్ క్లైన్, బెన్నీ పింకస్ ఐపీ ప్యాకెట్లలోని గుర్తింపు సంఖ్య మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఒక్కొక్క నేమ్‌స్పేస్‌లో ఆ సంఖ్య వేరుగా ఉండాలని కెర్నల్ తన లెక్కలో నేమ్‌స్పేస్‌కు సంబంధించిన విలువ ఒకటి కలిపేది. ఆ విలువను తీసుకున్నది మెమరీలో "స్ట్రక్ట్ నెట్" ఉన్న చిరునామా నుంచి. దానితో, బయట కూర్చుని ప్యాకెట్లను సేకరించినవాడు కెర్నల్ మెమరీ చిరునామాలను ఊహించి, కేఏఎస్ఎల్ఆర్ (కెర్నల్ మెమరీలో ఎక్కడ ఉందో తెలియనీయని) రక్షణను దాటగలిగే పరిస్థితి వచ్చింది. అది సీవీఈ-2019-10639. వేరు చేయడానికి కలిపిన విలువే బయటికి కబురు మోసింది. ఇప్పుడు చిరునామాకు బదులు ప్రతి నేమ్‌స్పేస్‌కూ యాదృచ్ఛిక సంఖ్య ఇస్తున్నారు.

చీమకుర్తి_నల్లరాయి
ఇవన్నీ చదివితే నేమ్‌స్పేస్‌ల మీద నమ్మకమే పోయేలా ఉంది.

పొదిలి_పొగాకు
అలా అనకండి. 2024 మేలో బయటపడిన టన్నెల్‌విజన్ గురించి చూడండి. మనం కలిసిన వైఫైలో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ 121వ ఆప్షన్ ద్వారా కొత్త రూట్లు పంపితే, వీపీఎన్ నడుస్తున్నట్టే కనిపిస్తూ రాకపోకలు సొరంగం బయట నుంచి పోతాయి. ఆ ఆప్షన్ ప్రమాణంలోకి వచ్చినది 2002లో. లినక్స్‌లో దీనికి పూర్తి పరిష్కారంగా ఆ పరిశోధకులు సూచించినది నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌నే, ఎందుకంటే భౌతిక ఇంటర్‌ఫేస్ ఒక నేమ్‌స్పేస్‌లో, ప్రోగ్రామ్‌లు మరొకదానిలో ఉంటే డీహెచ్‌సీపీ రాసిన రూట్ ప్రోగ్రామ్‌ల దాకా రానే రాదు. నా ఎన్ఎస్‌సీడీ చిక్కు తీరిన తరవాత నేను ఆ అమరికనే కొనసాగిస్తున్నాను.

కందుకూరు_కెర్నల్
పొదిలి గారి మాట నిజం. ఒకరిని ఒకరు నమ్మే ప్రోగ్రామ్‌ల మధ్య నేమ్‌స్పేస్ చాలు. పెన్నా గారి దగ్గర రైతుకూ కొనేవాడికీ ప్రయోజనాలు ఎదురెదురుగా ఉన్నాయి. అటువంటి ఇద్దరిని ఒకే కెర్నల్ మీద ఉంచకూడదన్నది నా గట్టి అభిప్రాయం. కనీసం ఏజెంట్లందరినీ ఒక వర్చువల్ మెషిన్‌లోకి, రైతులందరినీ మరొకదానిలోకి మార్చండి. అప్పుడు కాన్‌ట్రాక్ పరిమితి, డీమెసేజ్, ఐసీఎంపీ లెక్క, అన్నీ రెండు వేర్వేరు కెర్నళ్లవి అవుతాయి. కంటైనర్ సౌలభ్యం వదులుకోకూడదనుకుంటే కాటా కంటైనర్లు ఉన్నాయి, అవి ఒక్కొక్కటీ చిన్న వర్చువల్ మెషిన్‌లోనే నడుస్తాయి. గూగుల్ 2018లో విడుదల చేసిన జీవైజర్ మరొక దారి. దానిలో టీసీపీ, ఐపీ కోడ్ హోస్ట్ కెర్నల్‌ది కాదు, దాని సొంతం.

ఉదయగిరి_దుర్గం
ఈ విషయంలో కందుకూరు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక్క మాట జోడిస్తాను: ఏజెంట్ల సిబ్బందికి హోస్ట్ మీద లాగిన్ ఎందుకు? వెబ్ పేజీలో అంకెలు చూసుకునేవారికి షెల్ అక్కర్లేదు.

పెన్నా_ఒడ్డు
ఏజెంట్ల లాగిన్‌లు తీసేశాము. ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు, కారణం వివరించకుండానే వద్దన్నాము. ఏజెంట్ల వైపు వర్చువల్ మెషిన్ సిద్ధమవుతోంది. రైతుల కంటైనర్లు మాత్రం ఖర్చు వల్ల కొంతకాలం ఒకే కెర్నల్ మీదే ఉంటాయి. కొత్త కెర్నల్ పెట్టాక ఇటువంటి ఉమ్మడి విలువలు ఇంకేమైనా మిగిలాయో మాకు మేముగా పరీక్షించుకునే మార్గం ఉందా?

గుండ్లకమ్మ
ఉంది. ఉత్పత్తి సర్వర్ మీద కాకుండా అదే కెర్నల్ ఉన్న పరీక్ష యంత్రం మీద చేయండి. ముందుగా ఒక ఖాళీ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ తెరిచి, /ప్రాక్/సిస్/నెట్ కింద కనిపించే ఫైళ్లన్నింటి పేర్లు, విలువలు, అనుమతులు రాసి ఉంచండి. తరవాత హోస్ట్ వైపు నుంచి ఒక్కొక్క విలువను కొంచెం మార్చి, ఇప్పటికే తెరిచి ఉన్న ఆ నేమ్‌స్పేస్‌లో అదే ఫైలు మారిందేమో చూడండి. మారితే అది ఉమ్మడిది. కొత్త నేమ్‌స్పేస్ తెరిచి చూస్తే పొరపడతారు, ఎందుకంటే కొన్ని విలువలు పుట్టేటప్పుడు హోస్ట్ నుంచి నకలుగా వస్తాయి, అవి ఉమ్మడివి కావు. ఆ తరవాత దిశ మార్చి, లోపల రాసి హోస్ట్ వైపు చూడండి, 5.13 తరవాతి కెర్నల్‌లో ఇక్కడ ఏదీ దొరకకూడదు. /ప్రాక్/నెట్ కింద ఉన్న గణాంకాల ఫైళ్లను కూడా, హోస్ట్ మీద రాకపోకలు పెంచుతూ, లోపలి నుంచి చదివి చూడండి.

మైపాడు_అల
ఈ పరీక్షకు స్క్రిప్ట్ రాయడానికి నేను సిద్ధం. పెన్నా గారూ, ఏ కెర్నల్ ఎంచుకుంటున్నారు? ఉబుంటు 22.04 అయితే 5.15 వస్తుంది. డెబియన్ 12 అయితే 6.1.

ఉదయగిరి_దుర్గం
6.1లో ఛాలెంజ్ ఏక్ విడిపోయింది గాని ఐసీఎంపీ పరిమితి ఇంకా ఉమ్మడిదే. డెబియన్ 13లో 6.12 ఉంది, రెండూ అందులో ఉన్నాయి.

పెన్నా_ఒడ్డు
అయితే డెబియన్ 13 పెడతాము. కార్డు డ్రైవర్ అందులో ఇప్పటికే ఉంది, విడిగా కంపైల్ చేయవలసిన పని లేదు. మైపాడు గారు స్క్రిప్ట్ రాసి ఇక్కడే ఉంచితే పరీక్ష యంత్రం మీద ముందు నడిపి, ఏ ఫైళ్లు ఉమ్మడిగా తేలాయో జాబితా ఇదే చర్చలో పెడతాను.